పీర్ల వారం లెక్క

ఆరేళ్ళ తొమ్మిది నెలలుగా ఒక మాట నా నోట్లోనే ఉండిపోయింది. దాన్ని చెప్పవలసిన చోటు ఒక్కటే, చెప్పవలసిన క్షణమూ ఒక్కటే. ఆ రెండూ దాటిపోయాక అది నోట్లో నానుతూ బరువెక్కుతూ వచ్చింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసిన ముఖం చూస్తూ చెప్పాలని రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ వేరే సంగతులు మాట్లాడి తిరిగి వచ్చాను.

నా వల్ల ఒక మనిషి నలుగురిలో దొంగలెక్కలవాడు అనిపించుకున్నాడు. అతని లెక్క సరైనదే. దొంగతనం నాది.

నేను ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో ఒక మెట్టు వదిలేస్తే మార్కు తీసేసేదాన్ని. రిటైరై పదహారేళ్ళయింది గాని ఆ బుద్ధి పోలేదు. మా వీధికి ఏ రోజు నీళ్ళు వచ్చాయి, మొదటి వాన ఏ తేదీన పడింది, కరెంటు ఎన్ని గంటలు పోయింది, అన్నీ క్యాలెండరు మీద రాసుకుంటాను. ఊళ్ళో ఏ తేదీ మీద మాట వచ్చినా "టీచరమ్మ కాడ అడగండి" అంటారు. ఈ గౌరవం గురించి గొప్పకు చెప్పడం లేదు. నేను ఆ రోజు కాపాడుకున్నది దీన్నే కాబట్టి ముందే చెబుతున్నాను.

మా ఊరు కర్నూలు నుంచి కడపకు పోయే దారిలో ఉంది. పేరు రాయను. నల్లరేగడి నేలలు, శనగ, జొన్న. పాత రోడ్డు ఊరిని ఆనుకునే పోయేది. రోడ్డు మీద బస్సు స్టాపు, స్టాపు పక్కన దస్తగిరి పంక్చరు షాపు, షాపు ముందు పొడుగాటి నాపరాతి బండ. బస్సు కోసం వచ్చినవాళ్ళు ఆ బండ మీదే కూర్చునేవాళ్ళు. కూలికి పోయే ఆడవాళ్ళు, కాలేజీ ఆడపిల్లలు, ఆస్పత్రికి పోయే ముసలివాళ్ళు. దస్తగిరి నా దగ్గర ఏడో తరగతి వరకు చదివాడు. ఆ తర్వాత వాళ్ళ నాయన చనిపోతే షాపులో కూర్చున్నాడు. చేతులెప్పుడూ నల్లగా ఉండేవి గాని, అంకెలు మాత్రం శుభ్రంగా రాసేవాడు.

అప్పుడు కొత్త రోడ్డు సంగతి వచ్చింది. నాలుగు వరుసల రోడ్డు, మనిషికి రెండింతల ఎత్తు కట్ట మీద, ఊరికీ మా చేలకీ నడుమ నుంచి పోతుంది. మేం వద్దన్నాం. మేం రోడ్డనేదే వద్దన్నామని తర్వాత చాలామంది ప్రచారం చేశారు. అది నిజం కాదు. అర్జీ రాసింది నేనే కనుక అందులో ఏముందో నాకు బాగా తెలుసు. ఉన్న రోడ్డునే బాగు చేసి కొంచెం వెడల్పు చేయండి. తీసేసిన రెండు బస్సులను మళ్ళీ వేయండి. పక్క ఊళ్ళో ఆగే ప్యాసింజరు రైలు వేళకు ఒక బస్సు కలపండి. చేలకు నడిచిపోయేవాళ్ళకు రోడ్డు అంచున బాట వేయండి. ఇంతే. భూమి పోకుండా, ఊరు రెండుగా చీలకుండా, కార్లు లేనివాళ్ళు కూడా తిరగగలిగే పద్ధతి ఒకటి ఆలోచించమన్నాం.

రోడ్డు వాళ్ళ నివేదికను తెప్పించుకుని చదివాను. అందులో బండ్ల లెక్క ఉంది. కారు ఒకటైతే బస్సు మూడు కార్ల కింద లెక్కట. బస్సులో అరవై మంది నిలబడి పోతున్నా మూడే. కారులో ఒక్కడే పోతున్నా ఒకటే. నడిచేవాళ్ళు ఆ పట్టికలో లేనే లేరు. నాకు కోపం వచ్చింది అక్కడే. రోడ్డు మీద పోయేది బండ్లా, మనుషులా? అయితే మనుషులను మనమే లెక్కపెట్టి చూపిద్దాం అన్నాను. కొత్త రోడ్డు వద్దన్న కమిటీకి ఓబులేసు అధ్యక్షుడు. పది ఎకరాల రైతు, మాటకారి. "టీచరమ్మ లెక్క అంటే ఆపీసరు గూడా తల వంచాల్సిందే" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. దాచడం దేనికి, చాలా నచ్చింది.

మొదటి లెక్క ఆషాఢంలో తీశాం. పెళ్ళిళ్ళు ఉండవు, పండగలు ఉండవు, బళ్ళు నడుస్తుంటాయి. మామూలు వారం అంటే అదే. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు వరకు నేనే బండ మీద కూర్చున్నాను. దస్తగిరి ఒక ఉపాయం చెప్పాడు. సైకిలు చక్రంలో వేసే ఉక్కు గుండ్లు రెండు గిన్నెల్లో పెట్టాడు. బస్సు వచ్చినప్పుడు మనిషికొక గుండు ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి. బస్సు పోయాక గుండ్లు లెక్కపెట్టి పుస్తకంలో రాయడం. తొందరలో కన్ను తప్పినా చెయ్యి తప్పదు. ఏడు రోజులకు ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ కలిసి పదకొండు వందల నలభై ఎనిమిది మంది. రోజుకు సరిగ్గా నూట అరవై నాలుగు.

ఆ అంకె చూసి నాకు సిగ్గు వేసింది. నూట అరవై నాలుగు మంది కోసం ఎవరు ఆలోచిస్తారు? ఆఫీసర్లు నవ్వుతారు. ఓబులేసు ముఖం ఎలా పెడతాడు? ఆషాఢంలో జనం కదలరు, అందుకే తక్కువ వచ్చింది అనుకున్నాను. ఆషాఢం మామూలు నెల అని ఎంచుకున్నదాన్నే, ఆషాఢం మామూలు నెల కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా జారుడు ఆ రోజే మొదలైంది. ఆ పుస్తకం ఎవరికీ చూపించలేదు. మళ్ళీ ఒకసారి తీద్దాం అన్నాను.

ఆ ఏడు వినాయక చవితి అయిన వారానికి పీర్ల పండగ వచ్చింది. మా ఊరి పీర్లకు చుట్టుపక్కల పేరుంది. పీర్ల చావిడి చూసుకునేది దస్తగిరి వాళ్ళ ఇల్లే, కాని పండగ వాళ్ళ ఒక్కరిదే అని మా ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. రెండో పీరును ఎత్తుకునే హక్కు ఓబులేసు వాళ్ళది, వాళ్ళ తాత కాలం నుంచి. నిప్పుల గుండానికి ఇంటికొక కట్టె వేయాలి. మా ఇంటి నుంచి కూడా ఏటా ఒక కట్టె పోయేది. ఆ వారం ఎక్కడెక్కడి జనమో మా స్టాపులో దిగుతారు.

ఆ వారాన్ని నేను ఎంచాను. తెలియక కాదు. పంచాంగం చూసి, పండగ చూసి, వేలు పెట్టి ఎంచాను.

మోకాళ్ళ నొప్పి అని ఈసారి లెక్క పెట్టే పని దస్తగిరికి అప్పగించాను. ఆ సంగతి మాట్లాడటానికి శనివారం పొద్దున షాపుకు వెళ్ళాను. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"టీచరమ్మా, సోమారం నుంచి అంటాండారే, అది పీర్ల వారం గదా."

"తెలుసప్పా."

"జనం శానా దిగుతారు. బెంగుళూరు పోయినోళ్ళు గూడా వస్తారు. వచ్చినోళ్ళే మళ్ళా ఎక్కుతారు. ఒక్కో మనిషి రెండుసార్లు పడతాడు గిన్నెలో."

"దిగినోళ్ళను దిగినట్ల రాయి. దిగనోళ్ళను రాయమని చెప్తాండానా నేను?"

"అట్ల గాదు. వాళ్ళు నాల్రోజులుండి పోయే జనం. మన బండ మీద కూచునే జనం గాదు."

"ఒక్కరిని ఎక్కువ రాసినా నేనే కొట్టేస్తా. ఒక్కరిని తగ్గించినా ఊరుకోను."

దస్తగిరి నవ్వాడు. "రాసేది సరిగ్గానే రాస్తా. మీ కాడ దెబ్బలు తినింది యాడికి పోతాది? వారమే బాగలేదంటాండా."

"ఆషాఢంలో మరీ తక్కువ వచ్చింది గదా. ఇది రవంత ఎక్కువ వస్తే సమానం అయితాది."

"అయితే ఆపీసరుకు రెండూ చూపిస్తారా?"

అతను ట్యూబును నీళ్ళలోంచి తీసి తుడుస్తూ కూర్చున్నాడు.

"చూద్దాంలే. ముందు నువ్వు లెక్క పెట్టు" అన్నాను. లేచి నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగి ఇంకో మాట అన్నాను. "పుస్తకంలో తేదీలు వద్దు. సోమవారం, మంగళవారం అని రాయి, చాలు."

ఆ చివరి మాట ఒక్కటి చాలు నన్ను పట్టుకోవడానికి. పాలు విరిగిన రోజు కూడా రాసి పెట్టుకునేదాన్ని నేను. అలాంటిది తేదీలు వద్దన్నాను. దస్తగిరికి అనుమానం రాలేదా? వచ్చే ఉంటుంది. అయినా టీచరు చెప్పింది కదా అని రాశాడు. చిన్నప్పుడు నా ముందు చేతులు కట్టుకుని నిలబడినవాడు, పెద్దయ్యాక ఎదురు చెప్పగలిగింది అంతవరకే. నేను ఆ అణకువను వాడుకున్నాను.

ఆ వారం పండగ పనులన్నీ తమ్ముడికి అప్పగించి అతను షాపులో కూర్చున్నాడు. మధ్యాహ్నం అతను అన్నానికి వెళితే భార్య హుసేన్‌బీ వచ్చి గుండ్లు వేసేది. ఏడు రోజులకు మూడు వేల ఆరు వందల పన్నెండు. రోజుకు అయిదు వందల పదహారు. ఆషాఢం లెక్కకు మూడింతలకు పైన. ఒక్క అంకె అబద్ధం కాదు. మనుషులు నిజం, బస్సులు నిజం, గుండ్లు నిజం. అబద్ధమంతా వారంలో ఉంది. అన్నీ నిజాలే పెట్టి ఒక అబద్ధం కట్టవచ్చని నా ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఏ పిల్లవాడికీ నేర్పలేదు. నాకు నేనే నేర్పుకున్నాను.

ఆశ్వయుజంలో సభ జరిగింది. రోడ్డు గురించి ఊళ్ళ అభిప్రాయం అడగడానికి. హైస్కూలు ఆవరణలో షామియానా వేశారు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ జనం వచ్చారు. వేదిక మీద అధికారులు, పక్కన రోడ్డు ఇంజనీరు. నేను రెండో వరుసలో కూర్చున్నాను. ఒళ్ళో సంచి. సంచిలో ఆషాఢం పుస్తకం. ఎందుకు తీసుకెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. దస్తగిరి అడిగిన మాట లోపల ఎక్కడో గుచ్చుతూ ఉండి ఉంటుంది. అవసరమైతే తీద్దాం అనుకున్నానేమో. లేదా, దగ్గరుంటే చాలు, చూపించినట్టే అనుకున్నానేమో.

ఓబులేసు లేచి బాగా మాట్లాడాడు. దస్తగిరి రాసిన పుస్తకాన్ని రెండు చేతులతో ఇంజనీరుకు ఇచ్చాడు. ఆయన పెద్దగా అరిచే మనిషి కాదు. పేజీలు తిప్పి మెల్లగా అడిగాడు.

"మేం కూడా ఈ స్టాపులో మనిషిని పెట్టి చూసినాం. మీ లెక్క మా దానికి మూడింతలుంది. ఇది ఏ తేదీల్లో తీసినారు?"

వెనకనుంచి ఎవరో అన్నారు. "పీర్ల పండగ సార్ అది. ఊరి జనం గాదు, పండగ జనం."

నవ్వులు. ఇంజనీరు కూడా కొంచెం నవ్వాడు.

"ఎవరు రాసినారు ఇది?"

ఓబులేసు నా వైపు చూడలేదు. "ఆ సంగతి మాకు తెల్దు సార్. ఆ సాయిబు రాసినాడు" అన్నాడు.

ఆ సాయిబు. ఏటా అతని చేతుల్లోంచి పీరును అందుకునే మనిషి అన్న మాట అది.

దస్తగిరి లేచాడు. "రాసింది నేనే సార్."

"పండగ వారమని తెలీదా నీకు?"

అప్పుడు అతను నా వైపు చూశాడు. బతిమాలుతున్నట్టు లేదు, కోపంగానూ లేదు. తరగతిలో ప్రశ్న అడిగితే, జవాబు తెలిసిన పిల్లవాడు టీచరు ఇప్పుడు చెప్పమంటుందా, ఆగమంటుందా అని చూస్తాడే, అలా చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. అదొక్కటి నేను లెక్కపెట్టలేదు. నా చెయ్యి సంచి మీదే ఉంది. లేచి, వారం నేను చెప్పాను, అసలు లెక్క ఇదిగో అంటే సరిపోయేది. పట్టుమని పది మాటలు కావు. లేవలేదు. అక్కడ నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఎంతో మంది ఉన్నారు. తప్పు మెట్టు వేస్తే వేళ్ళ మీద కొట్టించుకున్నవాళ్ళు. వాళ్ళ ముందు లేచి ఏమని చెప్పను అనుకున్నాను. పిరికితనానికి ఇంతకంటే మంచి పేరు ఏదైనా ఉందేమోనని చాలాకాలం వెతికాను. దొరకలేదు.

"తెలుసు సార్" అని అతను కూర్చున్నాడు. ఎవరు చెప్పారో చెప్పలేదు.

ఇంజనీరు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. మా అర్జీలో బస్సుల సంగతి, రైలు సంగతి, బాట సంగతి, ఇక ఏదీ ఎవరూ వినలేదు. నా వెనక కూర్చున్న ఆడమనిషి పక్కామెతో అంది. "పండగా వాళ్ళదే, లెక్కా వాళ్ళదే." అంతకు నెల ముందు ఆమె కూడా గుండానికి కట్టె తెచ్చింది. నేను చూశాను. అప్పుడు అది మన పండగ. సభలో అది వాళ్ళ పండగ అయిపోయింది. అలా మార్చిన మాట నాది కాదు. కాని నేను ఒక్క మాట అని ఉంటే ఆ మాట పుట్టేది కాదు.

ఆ తర్వాత కమిటీ కరిగిపోయింది. మొదట భూమి ఇస్తానని సంతకం పెట్టింది ఓబులేసే. రోడ్డు దిగే చోట అతని చేను మిగిలింది. ఇప్పుడక్కడ లారీలు ఆగే హోటలు ఉంది. నేను అతని మీద కోపంతో రగిలిపోయాను. మోసపోయాను, నా లెక్కను, నా పేరును, నా శ్రమను ఈ మనిషి అమ్ముకున్నాడు అని కనపడిన ప్రతివాళ్ళకూ చెప్పాను. రోడ్డు వాళ్ళు మోసం చేశారని చెప్పాను. అర్జీ మీద సంతకాలు పెట్టి వెనక్కి తీసుకున్న ప్రతి ఇంటి పేరూ తేదీతో సహా రాసి పెట్టుకున్నాను. అవన్నీ నిజాలే. నిజంగానే నన్ను మోసం చేశారు. కాని మోసపోయినదానిగా ఉండటంలో ఎంత సుఖముందో మీకు తెలుసా? అందరి తప్పులూ లెక్కవేస్తూ కూర్చోవచ్చు. ఆ పట్టికలో మన పేరు రాయవలసిన పని ఉండదు. నేను ఏడాదిన్నర అలా బతికాను.

దస్తగిరికి ఆ సుఖం కూడా లేదు. అతన్ని మోసం చేసింది ఎవరో అతనికి తెలుసు, ఆ మనిషి రోజూ అతని షాపు ముందు నుంచే నడిచిపోతుంది. రోడ్డు కావాలన్నవాళ్ళు అతన్ని ఎగతాళి చేశారు. వద్దన్నవాళ్ళు, నీ వల్లే చెడిపోయింది అన్నారు. ఒకరోజు నేను బస్సు కోసం నిలబడి ఉండగా, నాకు తెలిసిన రైతే ఒకాయన సైకిలు తెచ్చి అడిగాడు.

"ఏమప్పా దస్తగిరీ, ట్యూబులో బొక్క ఒకటే ఉండాది. నువ్వు మూడు రాస్తావేమో, ముందే చెప్తాండా."

బండ మీద ఉన్నవాళ్ళు నవ్వారు. దస్తగిరి కూడా నవ్వాడు. "ఒకటే రాస్తాలేప్పా" అన్నాడు. ఆ ఎగతాళి పాతబడలేదు. ఆరు నెలల తర్వాత ఎవరో అదే మాట అంటే అతను నవ్వకపోవడం చూశాను. మెల్లగా బండ మీద కూర్చునేవాళ్ళు తగ్గారు. చెట్టు నీడలేని చోట, ఎండలో నిలబడేవాళ్ళు గాని అక్కడ కూర్చునేవాళ్ళు కాదు. నేనూ కూర్చోలేదు. వాళ్ళు అతన్ని నమ్మక కూర్చోలేదు. నేను అతని ముఖం చూడలేక కూర్చోలేదు. దూరం నుంచి చూసేవాళ్ళకు రెండూ ఒకటే కదా. టీచరమ్మే కూర్చోవడం లేదంటే తప్పు అతనిదే అని ఊరు అనుకుని ఉంటుంది. నేను మాట్లాడకుండా కూడా అబద్ధం చెప్పాను, రోజూ, ఎండలో నిలబడి.

మరుసటి ఏడు పీర్ల పండగకు ఓబులేసు ఏమీ జరగనట్టే తలస్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. దస్తగిరి పీరుకు దండ కట్టి అతని చేతుల్లో పెట్టాడు. గుండానికి కట్టెలు తక్కువ వచ్చాయి. ప్రతి ఏడూ లెక్కపెట్టే అలవాటు నాకు. ఆ ఏడు నలభై ఒక్క ఇళ్ళ నుంచి రాలేదు. మా ఇంటి నుంచి పోయింది గాని, నేను తీసుకుపోలేదు. పనిమనిషితో పంపాను.

రోడ్డు వచ్చింది. కట్ట ఎత్తుగా, నున్నగా, చూడటానికి బాగుంది. బస్సులు దాని మీదనే పోతాయి. మా ఊళ్ళో ఆగవు. చేలకు పోవాలంటే కట్ట కింది నుంచి పోయే దారి ఒక్కటే, అది ఊరికి కిలోమీటరున్నర దూరం. పోనూ రానూ మూడు. వాన పడితే ఆ దారిలో మోకాళ్ళ లోతు నీళ్ళు. రేగడి నేల కదా, పది రోజులైనా ఇంకవు. మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు కాలేజీ మానేశారు. ఇవన్నీ వస్తాయని అర్జీలో ముందే రాశాం. అది తలచుకుని ఇప్పుడు నాకేం తృప్తి లేదు.

ఆ ఆషాఢం పుస్తకాన్ని తర్వాత ఒకరోజు మళ్ళీ తీసి చూశాను. అందులో బస్సు మనుషులే కాదు, మా ఊరికి కార్లలో వచ్చిపోయినవాళ్ళను కూడా వేరే పేజీలో రాశాను. రోజుకు సగటున తొంభై మంది. నూట అరవై నాలుగు ఎక్కడ, తొంభై ఎక్కడ? నడిచినవాళ్ళను కలపకుండానే బస్సువాళ్ళు దాదాపు రెండింతలు. ఆ చిన్న లెక్కే సరిపోయేది. ఆ చిన్న అంకె ఎదుట నివేదిక నిలబడేది కాదు. కనీసం ఇంజనీరు పుస్తకం మూసేవాడు కాదు. నాకు లెక్క వచ్చు గాని, లెక్క మీద నమ్మకం లేకపోయింది. నిజం చిన్నగా కనిపించేసరికి దానికి పండగ బట్టలు తొడిగాను. ఏం చేసినా రోడ్డు వచ్చేదేలే అని ఒక్కోసారి మనసు ఓదారుస్తుంది. వచ్చేదేమో. కాని దస్తగిరి మీద నింద వచ్చేది కాదు. అందుకని ఆ ఓదార్పు తీసుకోవడం లేదు.

స్టాపు పోయాక షాపుకు పని లేదు. దస్తగిరి, హుసేన్‌బీ కొడుకును తీసుకుని కడపకు వెళ్ళిపోయారు. అక్కడ వేరేవాళ్ళ టైర్ల షాపులో కూలికి చేస్తున్నాడు. పండగకు వచ్చి చావిడి చూసుకుని పోతాడు. పోయినేడు కంటి డాక్టరు కోసం కడపకు వెళ్ళినప్పుడు ఆ షాపు వెతుక్కుంటూ వెళ్ళాను. చెప్పడానికే వెళ్ళాను, రెండోసారి. అతను ఊరు వదిలే ముందు కూడా ఒకసారి ఇంటి దాకా వెళ్ళి, ఏవో మాటలు మాట్లాడి వచ్చేశాను. నన్ను చూసి చేతులు తుడుచుకుని స్టూలు వేశాడు. టీ తెప్పించాడు. మోకాళ్ళ నొప్పి గురించి అడిగాడు, ఊళ్ళో వానల గురించి అడిగాడు. నేను వానల తేదీలు చెప్పాను. అన్ని తేదీలూ చెప్పాను. అసలు మాట నాలుక మీదికి రాలేదు. అతను బస్టాండు దాకా వచ్చి సీటు చూసి కూర్చోబెట్టాడు.

"టీచరమ్మా, ఈ బస్సు మనూళ్ళో ఆగదు. టోలుగేటు కాడ దిగి ఆటో పట్టుకోండి. కండక్టరుకు నేను చెప్తాలే" అన్నాడు.

అతనికి ఏమీ గుర్తు లేక కాదు. మనసులో ఏమీ లేక కూడా కాదు. నన్ను తప్పు చేసినదానిలా కాకుండా ముసలిదానిలా చూశాడు. అది నాకు ఊరట అనుకుంటున్నారా? అతని దగ్గర నేను ఇంకా మనిషిగా మిగిలి ఉంటే, కోప్పడేవాడు.

పీర్ల పండగ ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. ఏడేళ్ళకు డెబ్బై ఏడు రోజులు. అలా జరిగి జరిగి ఈ ఏడు ఆషాఢంలో వచ్చింది. నేను మొదటి లెక్క, నిజం లెక్క తీసిన నెలలోనే. దస్తగిరి కడప నుంచి వచ్చి చావిడికి సున్నం వేస్తుంటే దూరం నుంచి చూశాను. వయసు మీదపడింది. పక్కన సాయం చేసేవాళ్ళు ఇద్దరే. దారిన పోయే ఒకడు అంటున్నాడు, "ఏమన్నా, ఈసారి జనాన్ని లెక్క పెడతావా?" అని. వాడికి ఆ సభ నాటికి మీసాలు కూడా రాలేదు. అసలేం జరిగిందో తెలియదు, ఎగతాళి మాత్రం తెలుసు. మేమందరం పోయాక కూడా మా ఊళ్ళో ఇది మిగులుతుంది. దస్తగిరి పోయాక అతని కొడుకును కూడా అడుగుతారు. ఆ రోజు నాకు అది అర్థమైంది.

అందుకని ఈ పత్రికకు రాస్తున్నాను. నా పేరు రాయలేదు. ధైర్యం అంతవరకే వచ్చింది. మా ఊరివాళ్ళు చదివితే పేరు లేకపోయినా రెండు వాక్యాల్లో గుర్తుపడతారు, అది తెలిసే రాస్తున్నాను. దస్తగిరి పేరు మాత్రం మార్చలేదు. మా ప్రాంతంలో ఆ పేరు వీధికి ఇద్దరికి ఉంటుంది. కాని మా స్టాపులో పంక్చరు షాపు నడిపిన దస్తగిరి ఒక్కడే. నాలుగు ఊళ్ళ ముందు అతని మీద పడిన మాట నాలుగు ఊళ్ళవాళ్ళు చదివే చోటే పోవాలి.

అతను మనుషులను ఒక్కరు ఎక్కువ కాకుండా, ఒక్కరు తక్కువ కాకుండా లెక్కపెట్టాడు. పీర్ల వారం వద్దని చెప్పాడు. రెండు లెక్కలూ చూపించమని అడిగాడు. ఆ వారాన్ని ఎంచింది నేను. తేదీలు తీసేయించింది నేను. మొదటి లెక్కను ఒళ్ళో పెట్టుకుని, అతన్ని లేచి నిలబడనిచ్చింది నేను.

ఇది చదివి అతను ఏమంటాడో తెలియదు. ఏమీ అనకపోవచ్చు. అతని నుంచి ఒక మాట రావాలని రాయలేదు, వస్తే తీసుకునే అర్హత ఉందనీ అనుకోవడం లేదు. పొద్దున ఏడింటికి కూర్చున్నాను, ఇప్పుడు పన్నెండు కావస్తోంది. చెయ్యి నొప్పిగా ఉంది. ఇంతకాలం నోట్లో ఉన్నది కాగితం మీద పడింది. తప్పు పోలేదు. ఇక అది నా ఒక్కదాని దగ్గరే లేదు.